తొమ్మిది కిలోల కార్టన్

గల్ఫ్ దేశం, సీఫ్‌లో ఓ మాల్. మిట్టమధ్యాహ్నం పన్నెండు. బాత్రూం తుడుస్తున్న దేవన్న చేతిలో మాప్ కర్ర మూడుసార్లు వణికింది.

నవ్వకండి. ఆ కర్రలో ట్రాన్స్‌మీటర్ ఉంది. దేవన్న క్లీనర్ వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్.

"చాయ్ తాగావా?" కర్రలోంచి చీఫ్ భీమరాజు గొంతు.

"చక్కెర ఎక్కువైంది."

కోడ్ సరిపోయింది.

"వినవయ్యా. పర్మిట్ లేని కూలీలు సొంత పేరున రిజిస్టర్ చేసుకునే గడువు ఇవాళ రెండింటికి ఖలాస్. అసలు పాస్‌పోర్టు చూపించాలి. మనవాళ్లు పన్నెండు మంది టోకెన్లు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డారు. పాస్‌పోర్టులేమో విదేశీ ముఠా కొట్టేసింది. వాటితో దొంగ మనుషుల్ని తయారుచేస్తారంట."

"దొరక్కపోతే?"

"పన్నెండు మందినీ రన్‌అవే కింద, అంటే యజమాని దగ్గర్నుంచి పారిపోయినవాళ్ల కింద, పట్టుకుని పంపించేస్తారు. మళ్లీ రాకుండా బ్యాన్. మీనా సల్మాన్ రేవులో కార్గో గోడౌన్‌కి పరుగెత్తు. లక్ష్మిప్రసన్న ఉంటుంది."

"గామె ఎవల మనిషి సార్?"

"మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. ఎవరికెక్కువో నాకూ తెలీదు."

గోడౌన్ గుమ్మంలోనే ఎదురైంది ఆమె. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమలు, వీధి చివరిదాకా సెంటు వాసన.

"ఎర్రతాడు కట్టిన కార్టనండీ. తొందరగా తీసుకెళ్లిపోండి."

అడగకముందే చెప్పింది. దేవన్నకు అక్కడే అనుమానం తగిలింది. లోపల ఊళ్లకు పోయే కార్టన్లు నలభై. గోడవారన ఇద్దరు లోడర్లు. సామాన్ వైపు చూడరు, దేవన్ననే చూస్తున్నారు.

ఎర్రతాడు కార్టన్‌ను కాలితో తన్నాడు. కదల్లేదు. బొటనవేలు మాత్రం కదిలింది. పక్కదాన్ని తన్నాడు. అదీ అంతే. లోడర్లు పళ్లికిలించారు.

పదకొండోది జారి రెండడుగులు పోయింది. పళ్లు మూతపడ్డాయి.

"ఇంటికి పంపే డబ్బాల మావోళ్లు గాలికి గూడ జాగ ఉంచరు," అన్నాడు దేవన్న. "ముప్పై కిలోలంటే ముప్పై కిలోలు కుక్కుతరు. గిది తొమ్మిది గూడ లేదు!"

లోడర్లు మీదికి దూకారు. దేవన్న నడుముకున్న ఫినాయిల్ సీసా నేల మీద బోర్లించాడు. స్పెషల్ ఫార్ములా. ఇద్దరూ జారి కార్టన్ల గుట్టలో కూలారు. కార్టన్ చంకన పెట్టుకుని బయటపడగానే లక్ష్మిప్రసన్న గోడౌన్‌కు తాళం వేసేసింది.

"ఇంతకు నువ్వెవల మనిషివమ్మా?"

"ఇందాకటి దాకా వాళ్ల మనిషినండీ. గెలిచింది మీరు కదా! కారు తియ్యనా?"

కౌంటర్ చేరేసరికి షట్టర్ దిగుతోంది. దేవన్న దాని కింద మాప్ కర్ర అడ్డం పెట్టాడు. షట్టర్ ఆగింది. కర్రలో భీమరాజు "అబ్బా!" అన్నాడు. కార్టన్‌లోని పన్నెండు పాస్‌పోర్టులూ సందులోంచి లోపలికి జారాయి. గోడ గడియారంలో రెండింటికి ఇంకా పది సెకన్లు.

టక్, టక్‌మని ముద్రలు పడుతుండగా దేవన్న జేబులో ఫోన్ మోగింది. మాల్ సూపర్‌వైజర్ రాజేంద్ర.

"ఏడున్నవే? రెండు గంటలాయె డ్యూటీల లేవు. నీ మీద రన్‌అవే రిపోర్ట్ కొట్టమంటవా?"

వెనక పది కార్లు హారన్లు కొడుతున్నాయి.

"బాత్రూంలనే ఉన్న సార్," అన్నాడు దేవన్న.