బావ గొంతు

కంప్యూటర్లు బాగుచేసేవాడికి సొంతవాళ్లంత మొండి గిరాకీ ఇంకొకరుండరు. షాపులో అందరూ సరదాగా డాక్టరని పిలిచే అన్నయ్యకు ఆ సాయంత్రం చెల్లెలింట్లో అదే ఎదురైంది. మిషను షాపుకి తీసుకెళ్తానంటే వినదు. పోనీ డిస్కొక్కటే విప్పి పట్టుకెళ్తానన్నా వినదు.

"గడప దాటనివ్వను అన్నయ్యా. ఏం చేసినా ఇక్కడే, నా కళ్లముందే చెయ్యి," అంది.

ఆమెను తప్పుపట్టడానికీ లేదు. బావ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తిరిగిన ఆఖరి రోజుల్లో, ఇక తను ఉండనని తెలిసి, కూతురి కోసం ఈ కంప్యూటర్ ముందు కూర్చుని కథలు చెప్పి రికార్డు చేశాడు. నాలుగేళ్ల చిట్టి రోజూ నాన్న కథ విన్నాకే కళ్లు మూసేది. వారం కిందట మిషను మొరాయించింది. అప్పట్నుంచి పిల్లకు నిద్ర లేదు, తల్లికీ లేదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. అది కూడా పోతే బావ రెండోసారి పోయినట్టే.

బయట వాన దంచుతోంది. కిటికీ మూసిన ఆ ఇరుకు గదిలో తడిగోడ వాసన. డాక్టరు కుర్చీ లాక్కుని కీబోర్డు సర్దుకున్నాడు.

ఇలాంటి రోగానికి అతని మొదటి మందు స్టార్టప్ మెనూ. మిషను ఆన్ అవుతున్న క్షణంలోనే ఒక మీటను టకటకా కొడుతూ ఉండాలి. కాస్త ఆలస్యమైతే మెనూ రాదు, తెర నల్లముఖం వేసుకుని కూర్చుంటుంది. ఇక్కడేమో స్విచ్చి టేబుల్ కింద, గోడ మూలన ఉంది. అందుకే ఇది ఇద్దరి పని. ఒకరు కింద దూరి స్విచ్చి నొక్కాలి, ఒకరు పైన మీట కొట్టాలి.

"దూరవే తల్లీ. నేను నొక్కమన్నప్పుడే నొక్కు. చిన్నప్పుడు దాగుడుమూతల్లో తొందరపడినట్టు పడకు."

"నువ్వు ముందు నిద్రపోకుండా ఉండు," అంటూ చెల్లెలు టేబుల్ కిందికి దూరింది.

మొదటిసారి తప్పిపోయింది. తెర నల్లబడి ఊరుకుంది. వాన హోరు ఎక్కువైంది. డాక్టరు తెర మీంచి చూపు తిప్పకుండా మీట మీద వేలు పెట్టి, "ఊఁ, మళ్లీ," అన్నాడు.

కింద టిక్కుమంది. మెనూ వచ్చింది.

"భలే సమయానికి నొక్కావే!" అన్నాడు ప్రాణం లేచొచ్చి.

తెరమీద తెల్లటి అక్షరాల వరసలు. వాటిలో ఒకటి సేఫ్ మోడ్. ఎలా ఉన్నా మిషనును కనీసం తెరిచి, లోపలున్నవి బయటికి తీసుకునే దారి అది. అట్టడుగు వరస మాత్రం అన్నీ చెరిపేసి కొత్తగా మొదలుపెట్టేది. దాని జోలికి పోకూడదు. ఏ వరస ఎంచుకున్నామో చూపే వెలుగు పట్టీని బాణం మీటతో సేఫ్ మోడ్ మీదికి తెచ్చాడు.

పట్టీ కిందికి జారింది.

పైకి తెచ్చాడు. మళ్లీ జారింది... మెల్లగా, ఒక్కో వరసా దిగుతూ, అట్టడుగున ఆగింది. మీట ఇరుక్కుందేమోనని కీబోర్డు బోర్లించి తట్టాడు. నాలుగు బిస్కెట్ పొడి రేణువులు రాలాయి. లాభం లేక దాని వైరే పీకేశాడు.

ఇప్పుడు మిషనుకు కీబోర్డు లేదు. మెనూలో ఉండగా నెట్టూ పనిచేయదు. ఎక్కడి నుంచీ ఎవరూ దీన్ని ముట్టుకోలేరు. అయినా పట్టీ కదిలింది. "అన్నీ చెరిపేయమంటారా?" అన్న ప్రశ్న తెరమీదికి వచ్చింది.

"ఒసేయ్... కింద ఏమైనా కదిలిస్తున్నావా?" అని గుసగుసగా అడిగాడు.

"కిందేంటి?"

ఆ మాట వెనక నుంచి వచ్చింది. గుమ్మంలో చెల్లెలు, భుజమ్మీద చిట్టి.

"మొదటిసారి నొక్కగానే ఇది ఏడిస్తే వెళ్లాను కదా. వెళ్తున్నానని చెప్పానుగా, వినలేదా?"

డాక్టరు గబుక్కున వంగి చూశాడు. టేబుల్ కింద ఎవరూ లేరు. స్విచ్చి దగ్గరి చిన్న దీపం మాత్రం వెలుగుతోంది.

"పిల్లని పడుకోబెట్టి రా," అన్నాడు. ఆమెను భయపెట్టడం అతనికి ఇష్టంలేదు.

ఆమె వెళ్లగానే గదిలో ఒక వాసన లేచింది. ఘాటుగా... బావ ఆఖర్లో ఛాతీకి రాసుకునే మందు వాసన. డాక్టరు మళ్లీ కీబోర్డు తగిలించి, ప్రశ్నకు వద్దని కొట్టి, పట్టీని పైకి తెచ్చాడు. అది దిగింది. తెచ్చాడు... దిగింది. అందులో కోపం లేదు. వద్దురా అని ఎవరో చెయ్యి పట్టుకుని పక్కకు జరుపుతున్నట్టుంది.

"నువ్వెవరైనా సరే," అన్నాడు పళ్లు బిగించి, "పసిపిల్లకి మిగిలింది ఇదొక్కటే. వదులు."

పట్టీ సేఫ్ మోడ్ మీద ఉన్న క్షణం చూసి ఎంటర్ కొట్టాడు.

టేబుల్ కింద ఎవరో నీరసంగా నిట్టూర్చారు. వాసన పోయింది.

మిషను తెరుచుకుంది. బావ కథలన్నీ భద్రంగా ఉన్నాయి. సేఫ్ మోడ్‌లో శబ్దం రాదు కాబట్టి వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. తిరిగొచ్చిన చెల్లెలు పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది. అంతలో ఆమె చెయ్యి ఆగింది.

"ఈ చివరివి ఏంటన్నయ్యా? ఇవి ఆయన పోయాక తారీఖులు."

డాక్టరు ఒకటి మోగించాడు. ముందు చిట్టి గొంతు. "అనగనగా ఒక ఏనుగు, అను." తర్వాత ఇంకో గొంతు. బొంగురుగా, తడిగా, మనిషి నోటికి అలవాటులేనట్టు... "అన...గన...గా..." చిట్టి కిలకిలా నవ్వింది. "అలా కాదు. నాన్న అలా అనడు. మళ్లీ."

తర్వాతిది మోగించాడు. గొంతు కొంత నయం. ఆ తర్వాతిది ఇంకా నయం. ఆఖరిదానిలో తప్పు పట్టడానికేమీ లేదు. అచ్చం బావ.

ఆ కథలు విని ఏదో తన గొంతు నేర్చుకుంటోందనే, చెరిపేయమని ఇంతసేపూ బావ తనను బతిమాలాడని డాక్టరుకు అప్పుడర్థమైంది. ఏడుపొచ్చింది. ల్యాప్‌టాప్ మూసేశాడు. కంప్యూటర్ ప్లగ్గు గోడలోంచి పీకేశాడు. ఆ కథలు పలికే వస్తువు ఇంట్లో ఇక ఏదీ లేదు.

పక్క గదిలో బావ గొంతు కథ మొదలుపెట్టింది.

చిట్టి చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు వచ్చేసింది! ఇంక అమ్మని పిలువు."

ఆ గొంతు పిలిచింది. బావ తప్ప ఎవరూ పిలవని ముద్దుపేరుతో.

"వెళ్లొద్దే... అది ఆయన కాదు," డాక్టరు చెల్లెలి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె అతని వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఇన్నాళ్లకు ఆమె ముఖంలో నవ్వు.

"వస్తున్నానండీ," అంది.