లోలాకు లేని చెవి

"ఇది మనిషి తలా, బట్టల బీరువానా?"

వెనకనుంచి వచ్చిన ఆ మాటకు ఎల్దియార్ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. తిరిగి చూశాడు. ఆ రోజే చేరిన అమ్మాయి. భుజాన సంచి ఇంకా దించనేలేదు, అప్పుడే వంకలు పెట్టడం మొదలుపెట్టింది.

"బీరువానే," అన్నాడు కచ్చగా. "మెదడు దాచుకునే బీరువా. కొందరికి ఖాళీగా ఉంటుంది."

"అలాగా! మరి తాళం ఎవరి దగ్గరుంది? మీది ఇంతవరకూ తెరిచినట్టు లేదే!"

స్టూడియో ఘొల్లుమంది. ఎల్దియార్ చెవులు ఎర్రబడ్డాయి.

బిష్కెక్‌లో ఓష్ బజారు వెనక, పాత అయిదంతస్తుల భవనం కింది గదిలో నడిచేది ఆ స్టూడియో. కళాశాల ప్రవేశపరీక్షకు వెళ్ళేవాళ్ళందరూ తోలోముష్ అగాయ్ దగ్గరికే వచ్చేవారు. అగాయ్ అంటే అక్కడ మాస్టారు. ఆయనకు ఒకటే మంత్రం: "పెద్దది ముందు, చిన్నది చివర." తల అంటే మొదట ఒక పెట్టె. పెట్టె మీద నిలువుగా నడిమి గీత, అడ్డంగా కనుబొమల గీత. పెట్టె కుదిరాక రెండు పక్కలా చెక్కేసిన బంతి, దానికింద దవడ, ఆ కింద మెడకు ఒక గొట్టం. మొదటి మూడు నెలలూ ఎవరైనా కళ్ళూ ముక్కూ వేస్తే ఆయనే స్వయంగా రబ్బరు తెచ్చి చెరిపేసేవారు.

ఎల్దియార్ ఆ మంత్రాన్ని ఒంటబట్టించుకున్నవాడు. నిరుడు పరీక్ష తప్పాడు. ఈసారి తప్పితే కరాకోల్ వెళ్ళి అన్నగారి టైర్ల షాపులో కూర్చోవాలి. అందుకని పెట్టెల మీద పెట్టెలు వేసేవాడు. పైనుంచి చూసిన పెట్టె, కిందనుంచి చూసిన పెట్టె, మూల నుంచి చూసిన పెట్టె. అలాంటివాణ్ణి పట్టుకుని బీరువా అంటే మండదూ!

ఆ అమ్మాయి పేరు బెగాయిమ్. ఊరు నారిన్. పొద్దున మందుల షాపులో పని, మధ్యాహ్నం ఇక్కడ. ఆమె వేసిన బొమ్మ ఎవరిదో చూడగానే చెప్పేయొచ్చు, పోలిక అంత బాగా పట్టేది. చిక్కల్లా ఒక్కటే. తల ఎటు తిరిగినా ముఖం మాత్రం కవరు మీద స్టాంపులా చదునుగా అంటుకుని ఉండేది.

అగాయ్ ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశారు. "ఒకడికి పుర్రె ఉంది, ముఖం లేదు. ఇంకొకరికి ముఖం ఉంది, పుర్రె లేదు. పక్కపక్కన కూర్చోండి. ఇద్దరూ కలిస్తే ఒక మనిషవుతారు."

అలా కూర్చున్నారు. అదే కొంప ముంచింది.

ఎల్దియార్ ఆమెకు పెట్టెలు నేర్పడం మొదలుపెట్టాడు. టీ డబ్బా మీద గీతలు గీసి అటూ ఇటూ వంచి చూపించేవాడు. "చూడు, తల పైకెత్తితే కనుబొమల గీత పైకి వంగుతుంది, చెవి కిందికి దిగుతుంది. వంచితే చెవి పైకెక్కుతుంది. చెవి ఎక్కడుందో తెలిస్తే తల ఎటు చూస్తోందో తెలిసిపోయినట్టే."

"చెవిలో ఇంత సంగతుందా?"

"మొత్తం సంగతంతా చెవిలోనే ఉంది."

ఒకరోజు ఉడకబెట్టిన గుడ్డు తెచ్చి దానిమీద పెన్సిల్‌తో నడిమి గీత, కళ్ళ గీత గీసి చేతికిచ్చాడు. "దీన్ని తిప్పుతూ పది బొమ్మలు వెయ్యి," అన్నాడు. టీ తెచ్చుకుని వచ్చేసరికి బల్లమీద పెంకులున్నాయి.

"తినేశావా!"

"ఆకలేసింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"రోజూ నా తల తింటున్నావు, చాలదా? దీన్ని కూడా ఎందుకు?"

"ఇదే రుచిగా ఉంది," అంది పెదవులకంటిన పచ్చసొన తుడుచుకుంటూ. ఆ నవ్వు చూసి అతను తిట్టడం మరిచిపోయాడు.

ఆ శీతాకాలమంతా అంతే. సాయంత్రం బస్‌స్టాప్‌లో సమోసాలాంటి మాంసపు సంసా ఒకటి కొనుక్కుని సగం సగం తినేవారు. పెద్ద సగం ఎవరిదని రోజూ కొట్లాటే. మంచు కురుస్తుంటే ఆమె టోపీ చెవులదాకా లాక్కుని, "ఇప్పుడు చెప్పు మహానుభావా, నా తల ఎటు చూస్తోంది?" అని అడిగేది. "నా సగం వైపు," అనేవాడు అతను. ఆమె ఎక్కే ట్రాలీబస్సు వచ్చినా ఎక్కేది కాదు. "ఇది కిక్కిరిసి ఉంది, తరవాతది ఎక్కుతా," అనేది. తరవాతది ఖాళీగా వచ్చినా అదే మాట.

ఎల్దియార్‌కు ఆమె అంటే ప్రాణం. అందులో అనుమానమే లేదు. మరి ఆ మాట ఆమెతో చెప్పొచ్చు కదా! చెప్పడు. పరీక్ష అయ్యాక, కళాశాలలో సీటొచ్చాక, తలెత్తుకుని చెప్పాలని అతని లెక్క. పెద్దది ముందు, చిన్నది చివర. పరీక్ష పెద్దదనీ, ప్రేమ చివర్లో దిద్దుకునే చిన్న పని అనీ ఆ బుర్రకు ఎవరు చెప్పారో గాని, గట్టిగా చెప్పారు.

మార్చిలో నూరూజ్ పండక్కి బెగాయిమ్ ఊరెళ్ళింది. వారం తరవాత తిరిగొచ్చింది. ఎప్పుడూ భుజాల మీద వదిలేసే జుట్టును ఆరోజు పైకెత్తి ముడివేసుకుంది. రెండు చెవులకూ వెండి లోలాకులు వేలాడుతున్నాయి.

కిర్గిజ్ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఆ లోలాకుల సంగతి ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు. అబ్బాయి తల్లి వచ్చి తన చేతులతో అమ్మాయి చెవులకు పెడుతుంది. ఉంచుకుంటే మాట ఇచ్చినట్టు. తిప్పి పంపేస్తే సంబంధం లేనట్టు. స్టూడియోలో అడుగుపెట్టగానే అందరూ చూశారు. రిటైరైన నర్సు, కాలక్షేపానికి బొమ్మలు నేర్చుకుంటున్న, అందరూ అక్కా అన్నట్టు ఎజే అని పిలిచే జూరా అయితే లేచొచ్చి ఆమె గడ్డం పట్టుకుని పరీక్షగా చూసింది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఏదో గుసగుసలాడుకున్నారు.

ఎల్దియార్ మాత్రం పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

ఆరోజు మోడల్‌గా కూర్చోవలసిన ముసలాయన రాలేదు. అగాయ్ చుట్టూ చూశారు. బెగాయిమ్ తనంతట తనే వెళ్ళి ఎత్తుపీట మీద కూర్చుంది. "నేను కూర్చుంటాను అగాయ్. ఎన్నిరోజులైనా సరే."

"పదిరోజులు. గడ్డం పైకెత్తు. పరీక్షలో ఇలాంటి భంగిమే ఇచ్చి చంపుతారు," అన్నారు ఆయన.

ఎల్దియార్ స్టాండు ఆమె ఎడమవైపు పడింది. ఆమె తల ఇంకాస్త తిప్పి ఎడమ చెవి సరిగ్గా అతని ఎదుటికి తెచ్చుకుంది.

మొదటిరోజు పెట్టె వేశాడు. రెండోరోజు బంతి, దవడ. ఆ బొమ్మ ఎలా కుదురుతోందంటే అతనికే ఒళ్ళు జలదరించింది. తల కాగితంలోంచి లేచి పైకప్పు వైపు చూస్తున్నట్టుంది.

మూడోరోజు విరామంలో ఆమె దగ్గరికొచ్చింది. "నాలో ఏమైనా తేడా కనిపిస్తోందా?"

"ఆఁ, కనిపిస్తోంది. నిన్నటికంటే గడ్డం ఒక వేలెడు దించావు. పైకెత్తు."

ఆమె తిరిగి వెళ్ళి పీట ఎక్కి గడ్డం పైకెత్తింది.

అయిదోరోజు, "జుట్టు ఇలా పైకి కట్టుకుంటే బావుందా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉంది. చెవి వెనక మెడ ఎలా మొదలవుతోందో స్పష్టంగా తెలుస్తోంది. విప్పకు."

జూరా ఎజే తన స్టాండు వెనకనుంచి దగ్గింది. "అబ్బాయ్, ఆ చెవి కాస్త చూసి వెయ్యి నాయనా."

"చూశాను ఎజే. తల ఎత్తింది కాబట్టి చెవి దిగింది. ముక్కు మొనకంటే ఒక వేలు కిందకి వచ్చింది. సరిగ్గా కొలిచాను."

జూరా ఎజే నుదురు కొట్టుకుంది. చెవి కింద ఏదో చిన్నది తళుక్కుమంటున్నట్టు అతనికి కనిపించకపోలేదు. చిన్నది కదా, చివర చూద్దామనుకున్నాడు.

పదోరోజు ఏప్రిల్ వాన మొదలైంది. నాలుగింటికి బెగాయిమ్ పీట దిగింది. ఎవరి బొమ్మలూ చూడలేదు. తలకు రుమాలు చుట్టుకుంది, కోటు వేసుకుంది. ఎల్దియార్ పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది.

"అయిపోయిందా?" అని అడిగింది.

"ఇంకొంచెం ఉంది. పరీక్ష దాకా ఇలాగే కుదిరితేనా..."

"కుదురుతుందిలే," అని వెళ్ళిపోయింది.

అగాయ్ వచ్చి బొమ్మ ముందు నిలబడ్డారు. దూరం జరిగి చూశారు, దగ్గరికొచ్చి చూశారు. "ముప్ఫయ్యేళ్ళుగా నేర్పుతున్నాను. గోడకు పెట్టదగ్గ తల ఇది," అన్నారు చివరికి. "లోలాకు ఒక్కటి వేసెయ్యి, పూర్తయిపోతుంది."

"ఏ లోలాకు?" అన్నాడు ఎల్దియార్.

స్టూడియోలో పెన్సిళ్ళన్నీ ఆగిపోయాయి. అతను పక్కవాడి బొమ్మ చూశాడు. లోలాకు ఉంది. అవతలివాడిది చూశాడు. ఉంది. తల పక్కకు ఒరిగిపోయిన జూరా ఎజే బొమ్మలో కూడా ఉంది.

"కళ్ళున్నాయిరా నీకు?" అంది జూరా ఎజే. "పండగనాడు పెట్టి వెళ్ళారు దానికి. పదిరోజులుగా నీ ముందు కూర్చుంది!"

అతను కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

స్టాప్‌లో ఆమె ఒక్కతే ఉంది. రుమాలు తడిసి చెంపలకు అంటుకుపోయింది.

"ఎవడు వాడు?" అన్నాడు రొప్పుతూ.

"వాడు గీడు అనకు. కోచ్కోర్‌లో పశువుల డాక్టరు. మంచివాడే."

"నాకొక్కమాట చెప్పొచ్చుగా!"

"ఇంకెలా చెప్పాలి? మెడ పట్టేసేదాకా కూర్చున్నా. నన్ను పెళ్ళి చేసుకో బాబూ అని నేనే కొంగుపట్టి అడుక్కోనా?" ఆమె అతని వైపు తిరిగింది. "మా అమ్మని పదిరోజులు గడువడిగాను. ఒకడున్నాడు, వాడు నోరు తెరిస్తే వీళ్ళవి వీళ్ళకి పంపించేద్దామమ్మా అన్నాను. ఊళ్ళో పరువు పోయినా సరే, అలాగేలే అంది మా అమ్మ."

"ఇప్పుడు తెరుస్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. మొదటిరోజు బీరువా అన్నావే, అప్పట్నుంచీ."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మాట కోసమే ఆమె ఆరు నెలలు కిక్కిరిసిన బస్సులూ ఖాళీ బస్సులూ వదిలేసింది.

"పొద్దున ఫోన్ చేసి ఎవరూ లేరమ్మా అని చెప్పేశాను," అంది. "సంబంధం ఖాయమైందని నాన్న ఈపాటికి గొర్రెను కోయించి ఉంటాడు."

"మళ్ళీ చెయ్యి. ఉన్నాడని చెప్పు. రేపే నేనూ అన్నయ్యా నారిన్ వస్తాం, మీ నాన్న కాళ్ళు పట్టుకుంటాం."

బెగాయిమ్ చేయి కోటు జేబులో ఫోన్ దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఒక్క సంగతి చెప్పు ఎల్దియార్. నువ్వే చూసి వచ్చావా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ముందు అతనికి ఎప్పుడూ అబద్ధం రాలేదు.

"జూరా ఎజే చెప్పింది."

ఆమె తల ఊపింది. "నువ్వు చూసి పరిగెత్తుకొచ్చి ఉంటే చేసేదాన్ని. ఒట్టు. పోతే పోయింది గొర్రె అనేదాన్ని." ఫోన్ లేకుండానే చేయి బయటికి తీసింది. "చెవి ఎంత కిందికి దిగిందో వేలితో కొలిచావు. దానికేం పెట్టారో చూడలేదు. రేపు నీ ఇంట్లో నేను ఏడ్చినా, తల ఏ కోణంలో వంగిందో చూస్తావు. కళ్ళు తరవాత వేద్దామనుకుంటావు."

"బెగాయిమ్, ఒక్కసారి... అవి ఒక్కసారి చూడనీ."

"వద్దు," అని రుమాలు మరింత గట్టిగా బిగించుకుంది.

ట్రాలీబస్సు వచ్చింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. అయినా ఆమె ఎక్కేసింది.

అతను తడిసి ముద్దయి స్టూడియోకు తిరిగొచ్చాడు. అగాయ్ తన కుర్చీ మీది శాలువా తెచ్చి అతనికి కప్పారు. బొమ్మ వైపు చూడకుండా అన్నారు: "చించాలనుకుంటే చించెయ్యి. ఉంచాలనుకుంటే పూర్తి చెయ్యి. సగంలో మాత్రం వదలకు. నా తప్పూ ఉంది ఇందులో."

ఎల్దియార్ స్టాండు ముందు కూర్చున్నాడు. ఎదురుగా పీట ఖాళీగా ఉంది. ఆ తలను ఇప్పుడు పైనుంచి వెయ్యమన్నా, కిందనుంచి వెయ్యమన్నా, కళ్ళు మూసుకుని వెయ్యగలడు. పెన్సిల్ చెవి కిందికి తెచ్చాడు. ఆపాడు.

"నాకు తెలీదు ఎజే," అన్నాడు. "అవెలా ఉంటాయో."

జూరా ఎజే ముక్కు చీదుకుని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "పాత వెండి. పైన కొక్కెం, కింద చంద్రవంక లాగా. చంద్రవంకకి మూడు గొలుసులు, ఒక్కో గొలుసుకీ ఒక పగడం."

అతను వేశాడు. తల పైకెత్తి ఉన్నా గొలుసులు నిట్టనిలువుగా వేలాడాలి. అది అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"మూడు కాదు," అంది ఎజే. "నీవైపు చెవిదానికి రెండే పగడాలు. నడిమిది ఊడిపోయింది. మొదటిరోజు కిటికీ దగ్గర నాకు అదే చూపించింది. 'ఏం పెట్టుకున్నావని అడక్కపోయినా ఎజే, పగడం ఎక్కడ పడేసుకున్నావనైనా అడుగుతాడు' అంది."

ఎల్దియార్ రబ్బరు తీసుకున్నాడు. నడిమి పగడాన్ని జాగ్రత్తగా చెరిపి, ఖాళీ గొలుసు ఉంచాడు.

"ఇలాగేనా?"

జూరా ఎజే కళ్ళజోడు తుడుచుకుని, దగ్గరగా వంగి చూసింది.

"ఆఁ, అచ్చం ఇలాగే," అంది.