ఫ్యాక్స్ నంబరు తప్పనిసరి

"బాగోలేదండి," అంది వీరవేణి.

పొగడ్త వినడానికి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న గణేష్‌బాబు దిగ్గున ముందుకు వంగాడు.

"ఏంటండీ?"

"వెబ్‌సైటండీ. బాగోలేదంటున్నాను."

కంప్యూటర్ ల్యాబులో ఉన్న పదిమందీ కీబోర్డుల మీద చేతులు ఆపేసి ఇటు తిరిగారు.

రాజమండ్రి పొలిమేరలో ఉన్న ఆ కాలేజీలో పర్యావరణ సంఘం పేరు వనమిత్ర. బీయస్సీ ఆఖరి సంవత్సరం చదివే వీరవేణి దానికి కార్యదర్శి. ఎంసీఏ చదువుతున్న గణేష్‌బాబు సంఘానికి వెబ్‌సైటు తయారుచేశాడు. ఆ వేసవంతా సెలవులు మానుకుని, కొవ్వూరు నుంచి రోజూ బస్సులో వంతెన దాటి వచ్చి చేశాడు. తెరవగానే తెర నిండా ఆకులు రాలతాయి. కోయిల కూస్తుంది. ఆకులన్నీ రాలాక వనమిత్ర అన్న పేరు మెరుస్తుంది.

"నలభై మందికి చూపించానండి. నలభై మందీ చాలా బాగుందన్నారు."

"ఎందుకనరండీ? ఉప్పు లేని పప్పు వడ్డించినా భోజనం చాలా బాగుందండి అంటూ లేచే వాళ్ళం మనం. ఎదుటి మనిషిని నొప్పించడం మన జిల్లాల్లో ఎవరికి చేతనవును?"

"మీకు బాగానే చేతనైందిగా!"

ల్యాబులో ఎవరో కిసుక్కున నవ్వారు. వీరవేణికి నవ్వు రాలేదు. ఆవిడ బెంగ ఆవిడది.

హాస్టలు వెనక అర ఎకరం స్థలంలో రెండేళ్ళుగా ఆవిడ మొక్కలు పెంచుతోంది. మెస్సులో తరిగిన తొక్కలు, మిగిలిన అన్నం ఎరువుగా మార్చి నల్ల సంచుల్లో నింపి వేప, కానుగ, నేరేడు కలిపి పన్నెండు వందల మొక్కలు లేపింది. వాళ్ళ నాన్న అబ్బులు కడియం నర్సరీల్లో అంట్లు కట్టడంలో పేరున్న పనివాడు. ఆ చేతివాటం కూతురికీ వచ్చింది. కానీ మొన్న ప్రిన్సిపాల్ గోపాలకృష్ణమూర్తి గారు పిలిచి, ఎంతో నెమ్మదిగా ఒక మాట అన్నారు.

"ముప్పై ఒక్కమంది సభ్యులకి అర ఎకరం ఎందుకమ్మా? ఆగస్టు పదిహేనుకి రెండు వందలమంది అవ్వండి, స్థలం మీది. లేదంటే అక్కడ బైకుల షెడ్డు వేయిద్దామనుకుంటున్నాం."

అందుకే వచ్చింది ఆవిడ, ఈ వెబ్‌సైటులో మనుషులెందుకు చేరడం లేదో చూద్దామని.

"పోనీ, సంఘంలో చేరి చూపించండి," అంది.

గణేష్‌బాబు విసురుగా మౌస్ కదిపాడు. పద్నాలుగు గళ్ళ ఫారం వచ్చింది. పదకొండో గడి దగ్గర వీరవేణి వేలు పెట్టింది. ఫ్యాక్స్ నంబరు. పక్కన ఎర్ర చుక్క. అది నింపకపోతే ఫారం ముందుకు పోదు.

"మీకు ఫ్యాక్స్ ఉందాండీ?"

"లేదండి. ఏదో కంపెనీ ఫారం చూసి చేశాను, అలా ఉండిపోయినట్టుంది."

"మరి మీరెలా చేరారు?"

"నేను చేరలేదండి. తయారుచేశానుగా!"

ఈసారి ల్యాబంతా గొల్లుమంది. చేరిన ముప్పై ఒక్కమంది ఫ్యాక్స్ నంబర్లూ తీసి చూశారు. అందరిదీ ఒకటే నంబరు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుది.

గణేష్‌బాబు చెవులు ఎర్రబడ్డాయి. పెన్‌డ్రైవ్ లాక్కుని జేబులో వేసుకుని, "వస్తానండి," అని వెళ్ళిపోయాడు. అంత కోపంలోనూ 'అండి' మానలేదు.

మూడు రోజులు అతని జాడ లేదు.

"అంతమందిలో అనాలా? బయటికి పిలిచి చెప్పొచ్చుగా!" అంది స్నేహితురాలు హారతి.

"నిజమేనే," అని ఒప్పుకుంది వీరవేణి. మొక్కలకి నీళ్ళు పోస్తున్నా, ఎర్రబడ్డ ఆ చెవులే గుర్తొస్తున్నాయి.

నాలుగోనాడు వాన ధారగా కురుస్తోంది. గణేష్‌బాబు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గొడుగు ఉండి కూడా సగం తడిసి హాస్టలు వెనక మొక్కల దగ్గరికి వచ్చాడు.

"నన్ను క్షమించండి, ఆ రోజు..." అని ఆవిడ మొదలుపెట్టేలోపే అతను అందుకున్నాడు.

"మూడు రోజులు నెట్ సెంటర్లో కూర్చున్నానండి. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఊరికే వెనక నుంచి చూశాను. నిన్న ఫస్టియర్ అమ్మాయి ఒకావిడ చేరబోయింది. ఫ్యాక్స్ దగ్గర ఆగి, పక్కావిడతో 'ఇది మనలాంటి వాళ్ళకి కాదులే, ఆఫీసర్లకేమో' అని మూసేసింది. మొక్కలు నాటడానికి వచ్చిన పిల్లని నేను వెనక్కి పంపేశానండి."

గొడుగు అంచు నుంచి నీళ్ళు అతని భుజం మీద పడుతుంటే, "ఇలా పందిట్లోకి రండి, తడుస్తున్నారు," అంది వీరవేణి.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎలా ఉందని ఎవర్నీ అడగకూడదు. మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, సంఘంలో చేరమని చెప్పి, వెనక కూర్చుని చూడాలి. ఎంత తప్పు దారిలో పోతున్నా నోరు విప్పకూడదు.

మొదట మెస్సు వంటావిడని తీసుకొచ్చారు, పేరు చిన్నమ్మాయి. రెండేళ్ళుగా తొక్కలన్నీ వేరుచేసి ఎరువుకి ఇస్తున్నది ఆవిడే. అయినా సభ్యురాలిగా చేర్చుకోవాలన్న ఆలోచన అంతవరకూ ఎవరికీ రాలేదు.

చిన్నమ్మాయి గారు తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని, తెరకేసి కళ్ళు చికిలించి చూశారు. ఆకులు రాలుతున్నాయి. ఇంకా రాలుతున్నాయి.

"ఇవన్నీ ఎవరూడుస్తారు బాబూ?"

గణేష్‌బాబు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. అతన్ని చూసి వీరవేణి, వీరవేణిని చూసి అతనూ, ఇద్దరి భుజాలూ ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వు ఆగాక కూడా చూపు తిప్పుకోవడం ఇద్దరికీ కొంచెం ఆలస్యమైంది.

"అయితే శనివారం ఏం పని ఉందో ఇందులో ఎక్కడ రాశారు? ఎన్ని గంటలకి రావాలో?" అని వెతుకుతున్నారు చిన్నమ్మాయి గారు.

ఎక్కడా రాయలేదు. సంఘం ఆశయాలు నాలుగు పేజీలున్నాయి. ప్రిన్సిపాల్ గారి ఫొటో ఉంది. చేతికి పని మాత్రం లేదు.

అలా తొమ్మిదిమందిని కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ ఆగిపోయిన చోటల్లా వీరవేణి నోటుబుక్కులో రాసింది. చివరికి గణేష్‌బాబు ఆకుల ఫైలు ఎంచి, మీట మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు.

"ఇరవై రోజులు పట్టిందండి, ఇవి ఇలా రాలడానికి."

"పోనీ ఒక మూల ఉంచండి."

"వద్దండి. ఆ పిల్ల మళ్ళీ వస్తే వీటికోసం రెండు నిమిషాలు కూర్చోవాలి," అని మీట నొక్కేశాడు.

సొంత పనిని సొంత చేత్తో, మొహం ముడుచుకోకుండా తీసెయ్యగలిగిన మనిషి పక్కన కూర్చున్నందుకు వీరవేణికి గర్వంగా అనిపించింది. అంతలోనే, నాకెందుకు గర్వం, నావాడా ఏమన్నా అనుకుని నోటుబుక్కులోకి తల వంచేసుకుంది.

కొత్త సైటులో అన్నిటికన్నా పైన పెద్ద తెలుగు అక్షరాలతో 'ఈ శనివారం పని'. దాని కింద ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంతమంది కావాలి. చేరే ఫారంలో నాలుగే గళ్ళు. పేరు, చదువు లేదా పని, ఉండే చోటు, ఏ రోజు రాగలరు. కంప్యూటర్ తెలియనివాళ్ళ కోసం అదే ఫారం కాగితాల మీద మెస్సులో పెట్టారు. సాయంత్రం గణేష్‌బాబు వాటిని ఎక్కించేవాడు. కొత్త జాబితాలో మొదటి పేరు చిన్నమ్మాయి గారిది.

ఆగస్టు పద్నాలుగుకి సభ్యులు రెండు వందల పన్నెండు మంది.

ప్రిన్సిపాల్ గారు జాబితా అటూ ఇటూ తిప్పి చూశారు.

"కంప్యూటర్లో పేర్లదేముందమ్మా, ఎవరైనా రాస్తారు. మనుషులు కనపడాలి కదా!"

గణేష్‌బాబు ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు జెండా వందనం అయ్యాక మొక్కలు నాటడానికి వస్తామని రాసినవాళ్ళు వీళ్ళు సార్, నూట డెబ్బై ఆరు మంది. మీరూ ఒకసారి రండి సార్."

"సరే, చూద్దాం," అన్నారాయన.

మర్నాడు జెండా ఎగిరింది. పిప్పరమెంటు బిళ్ళలు పంచారు. అంతలో జల్లు మొదలై అందరూ తలోదిక్కుకీ పరుగు తీశారు. వీరవేణి హాస్టలు వెనక ఒక్కతే నిలబడింది. కడియం నుంచి ఎర్రమట్టి వ్యానులో వచ్చిన వాళ్ళ నాన్న మట్టి దించుతున్నాడు. పది నిమిషాలైంది. ఎవరూ రాలేదు.

"వస్తారమ్మా. వాన చూసి నాటే పనివాళ్ళు పారిపోతారా?" అన్నాడు అబ్బులు.

ముందు మెస్సు వాళ్ళు వచ్చారు, చేతుల్లో బకెట్లతో. వాళ్ళ వెనక ఫస్టియర్ అమ్మాయిలు చెప్పులు చేత పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత లెక్క పెట్టడం ఎవరి తరమూ కాలేదు. నర్సరీ నుంచి గేటు దగ్గర తవ్విన గుంతల దాకా వరస కట్టి, మొక్కని చేతి నుంచి చేతికి అందించుకున్నారు. గొడుగు కింద నిలబడి చూస్తున్న ప్రిన్సిపాల్ గారి చేతికీ ఒక నేరేడు మొక్క వచ్చింది. ఇంక చేసేదేముంది, గొడుగు అటెండరు వెంకన్నకిచ్చి ఆయన కూడా వరసలో నిలబడ్డారు.

"షెడ్డు క్యాంటీన్ పక్కన వేయించుకుంటాంలే అమ్మా," అన్నారు మొక్క పక్కవాళ్ళకి అందిస్తూ.

వీరవేణి గుండె నిండిపోయింది. రెండు వందల జతల చేతులు తన మొక్కల్ని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు పట్టుకుంటుంటే, కళ్ళలో నీళ్ళు వాననీళ్ళలో కలిసిపోయాయి.

మోచేతుల దాకా బురదతో గణేష్‌బాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"వీరవేణి గారూ, ఒక మాట చెప్పాలండి."

"చెప్పండి."

"నాకు సైటు పని అయిపోయిందని బాధగా ఉందండి. రేపటి నుంచి మీ పక్కన కూర్చోవడానికి వంక లేదు." ఒక్క ఊపిరిలో మిగతాది కూడా అనేశాడు. "మీరంటే నాకు ఇష్టమండి. ఉద్యోగం రాగానే మా పెద్దవాళ్ళని మీ ఇంటికి పంపిస్తాను. మీకు ఇష్టమైతేనే."

వీరవేణి ఖాళీ సంచి ఒకటి తీసి మడతపెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. అతని మొహం వాడిపోతూ ఉంది.

అంతలో అబ్బులు చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఎవరమ్మా ఈ అబ్బాయి? పొద్దున్నుంచీ చూస్తున్నాను, చెప్పు కూడా వేసుకోకుండా తిరుగుతున్నాడు."

"గణేష్‌బాబు అని, కొవ్వూరు నాన్నా. ఇంతమంది వచ్చారంటే ఈయన చేసిన పని వల్లే." తలెత్తి, తొణక్కుండా అంది. "ఆదివారం మనింటికి భోజనానికి రమ్మన్నాను."

గణేష్‌బాబు ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. ఆ పిలుపు సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది.

అబ్బులు కూతురి మొహం చూశాడు. బురదలో నిలబడి ఉన్న కుర్రాడి చెవులు ఎర్రబడటమూ చూశాడు. తలపాగా విప్పి పిండుకుంటూ, వ్యాను వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఏం తింటాడో కనుక్కో మరి. మీ అమ్మకి ముందే చెప్పాలిగా!"