బుడంకాయ ఎత్తు నుంచి

“ఇదే! ఇదే కావాలి నాన్నా!”

తూనీగ కుర్చీలోంచి లేవకుండానే అరిచింది. ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ ఆ పిల్లను తూనీగ అనే పిలుస్తారు.

అది పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే షాపు. బల్ల మీద రెండు మానిటర్లు వెలుగుతున్నాయి. నాన్న పెట్టగలిగిన డబ్బుకు వచ్చేవి ఆ రెండే. ఒకటి పెద్దది, తళతళలాడుతోంది. రెండోది చిన్నది, దాని అంచు మీద పొడుగ్గా గీత పడింది.

షాపు ఆంటీ రెండింటి మీదా ఒకే ఆట పెట్టింది. గుహలో ఇద్దరు బుల్లి మనుషులు పరుగెడుతున్నారు. పెద్ద తెర మీద బాణాల్లా దూసుకుపోతున్నారు. చిన్న తెర మీద పరుగెత్తినప్పుడల్లా కాస్త అలుక్కుపోతున్నారు.

“పాత సరుకు కదమ్మా, అన్ని వైపుల నుంచీ చూసుకో,” అంది ఆంటీ.

“చూశానాంటీ!”

చూడలేదు. కాళ్లు మాత్రం కుర్చీ కింద ఊగుతూనే ఉన్నాయి.

పక్కనే తమ్ముడు మునివేళ్ల మీద నిలబడ్డాడు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడని వాడికి బుడంకాయ అని పేరు. వాడి గడ్డం బల్ల అంచుకు ఆనింది.

“అక్కా, నాకు నల్లగా కనిపిస్తోందే.”

“గుహ నల్లగా కాక తెల్లగా ఉంటుందేంట్రా! నాన్నా, ప్యాక్ చేయించు. ఎవరైనా ఎగరేసుకుపోతారు!”

“ఇది మీ ఇద్దరికీ కలిపి, తల్లీ,” అన్నాడు నాన్న. “మళ్లీ ఇప్పట్లో ఇంకోటి కొనలేం. తొందరపడకు.”

“తొందరేం లేదు. త్వరగా కొనేద్దాం, అంతే!”

ఆంటీ ఫక్కున నవ్వింది. పెద్ద తెర మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడిచి, అట్టపెట్టెలో సర్దింది. “నచ్చకపోతే ఇవాళ షాపు మూసేలోగా తెచ్చి మార్చుకోండి సార్. రేపయితే కుదరదు.”

ఇంట్లో కంప్యూటర్ ముందు ఒకే కుర్చీ పడుతుంది. అందులో తూనీగ కూర్చుంది. బుడంకాయ ఎప్పటిలాగే పొట్టి స్టూలు లాక్కున్నాడు. ఇద్దరూ కంట్రోలర్లు పట్టుకున్నారు.

ఈ ఆటలో ఒకరు గోతిలో పడితే ఇద్దరూ మళ్లీ మొదటికి రావాలి. బుడంకాయ పడ్డాడు. మళ్లీ పడ్డాడు. మూడోసారి వంతెన దాకా వచ్చి మరీ పడ్డాడు.

“ఒరేయ్! ఎదురుగా ఇంత గొయ్యి ఉంటే కనిపించట్లేదా? కళ్లు జేబులో పెట్టుకున్నావా?”

బుడంకాయ ముక్కు ఎగబీల్చి, మళ్లీ బటన్ నొక్కాడు.

తూనీగ విసురుగా కదిలేసరికి కంట్రోలర్ వైరు ఊడింది. విసుక్కుంటూ నేల మీదికి దిగి, బల్ల కింద దూరి, వైరు గుచ్చింది. బయటికి వస్తూ, తమ్ముడి స్టూలు పక్కన మోకాళ్ల మీద ఆగి తల ఎత్తింది.

తెర మసిబారిపోయి ఉంది. గొయ్యి లేదు. వంతెన లేదు. నల్లటి మసకలో ఏదో కదులుతోంది, అంతే.

తూనీగ కుర్చీ ఎక్కింది. అంతా వెలుగు. కిందికి దిగింది. మళ్లీ మసి.

“నీకు ఇందాకట్నుంచీ ఇలాగే కనిపిస్తోందా?”

“ఊఁ. షాపులో చెప్పాగా.”

“మరి ఎలా ఆడుతున్నావురా?”

“నువ్వు ఎగిరేటప్పుడు ‘ఎగురు, ఎగురు’ అని గొణుక్కుంటావు కదా. అది విని ఎగురుతున్నా. నువ్వు గొణగనప్పుడు పడిపోతున్నా.”

“నాన్నా!” అని కేకేసింది తూనీగ.

నాన్న వచ్చి తెరను కిందికి వంచాడు. బుడంకాయకు గుహ తేటపడింది కానీ, కుర్చీలోంచి చూస్తే బొమ్మ వెలిసిపోయింది. స్టూలు మీద రెండు దిండ్లు వేశారు. బుడంకాయ పడవలో కూర్చున్నట్టు అటూ ఇటూ ఊగి, దిండ్లతో సహా దొర్లాడు.

“పర్లేదక్కా,” అన్నాడు లేచి దులుపుకుంటూ. “నువ్వు గొణుగుతూ ఉండు. నేను ఎగురుతా.”

తూనీగ పెద్ద తెర వంక చూసింది. ఎంత బాగుంది! చిన్నదాని మీద బొమ్మ అలుక్కుపోతుంది. గీత ఒకటి. రేపు స్నేహితులు చూస్తే ‘ముసలి డబ్బా’ అంటారు. గదిలో అటు నడిచింది. ఇటు నడిచింది. కిటికీలోంచి చూస్తే వీధి దీపాలు వెలుగుతున్నాయి.

గబగబా వచ్చి ప్లగ్ పీకేసింది.

“నాన్నా, స్కూటర్ తియ్యి. షాపు మూసేస్తారు!”

వాళ్లు వెళ్లేసరికి షట్టరు సగం దిగింది. ఆంటీ వాళ్లను చూసి, ఏమీ అడగకుండా మళ్లీ పైకెత్తింది. గీత పడిన చిన్న మానిటర్‌ను బల్ల మీద పెట్టి, ఆట వేసి, కుర్చీ జరిపింది.

“కూర్చోమ్మా.”

తూనీగ కూర్చోలేదు. తమ్ముడి పక్కన నేల మీద మోకాళ్లు ఆనించి, వాడి తలకు తల ఆనించి చూసింది. గొయ్యి కనిపిస్తోంది. వంతెన కనిపిస్తోంది.

“అక్కా! వంతెన కింద కప్ప ఉందే!” అని కేక పెట్టాడు బుడంకాయ.

తూనీగ కంట్రోలర్ వాడి చేతిలో పెట్టింది. బుల్లి మనిషి పరుగెత్తాడు. వంతెన దగ్గరికొచ్చింది. గొయ్యి దగ్గరికొచ్చింది. తూనీగకు నాలుక చివర దురద పుట్టింది. అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది.

బుడంకాయ ఎగిరాడు.