మూడు ఊళ్ళ లెక్క

ఆదివారం కావడంతో బేబీరాణి ఆ రోజు కాస్త ఆలస్యంగా పొయ్యి వెలిగించింది. పెనం మీద పెసరట్టు వేసి, అల్లం ముక్కలు చల్లుతూ గుమ్మం వైపు చూసింది. భర్త దుర్గారాజు ఎనిమిదింటికే బజారుకని వెళ్ళాడు. ఇంకా రాలేదు.

తంగెళ్ళమూడిలో వాళ్ళది రెండు గదుల అద్దె వాటా. కూతురు తేజస్వి చదువు కోసం నాలుగేళ్ళ కిందట ఆగడాలలంక వదిలి ఏలూరు వచ్చేశారు. దుర్గారాజు మాత్రం ఇప్పటికీ అక్కడి చేపల చెరువుల మీదే పనిచేస్తాడు. తెల్లవారకముందే బండి మీద వెళ్ళి, పడవలో చేపల మేతకి తవుడు సంచులు మోసి, చేపలు పట్టే రోజుల్లో వల లాగి, చీకటి పడ్డాక ఇంటికి చేరతాడు.

ఆ కష్టానికి ఫలితం వచ్చిందనే అనుకున్నారు. తేజస్వి ఎమ్మెస్సీ పూర్తి చేసింది. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం ఇచ్చారు. ఇంకో ఎనిమిది రోజుల్లో చేరాలి. ఆ మాట దుర్గారాజు చెరువు గట్టు మీద చెప్పని మనిషి లేడు.

"బేబీ! ఇటు రా, ఇది చూడు," అంటూ దుర్గారాజు లోపలికి వచ్చాడు. చేతిలో నీలం రంగు కొత్త సూట్‌కేసు. "నాలుగు వైపులా తిరుగుతాయి చక్రాలు. రైలు దిగాక అమ్మాయి మోసుకోనక్కర్లేదు."

తేజస్వి పక్కగదిలోంచి వచ్చి సూట్‌కేసును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దాన్ని తిరిగి ఇచ్చెయ్ నాన్నా. నేను హైదరాబాదు వెళ్ళట్లేదు."

"ఏంటీ?"

"రాలేనని నిన్న సాయంత్రం వాళ్ళకి మెయిల్ పెట్టేశాను."

పెనం మీద పెసరట్టు మాడిపోతోంది. బేబీరాణి పొయ్యి కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. దుర్గారాజు ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. విన్నది నమ్మాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఎవర్నడిగి పెట్టావు?"

"ఇక్కడే ఒక ఆస్పత్రి ల్యాబులో రమ్మన్నారు నాన్నా. పదహారు వేలు ఇస్తారు."

"ఇరవై నాలుగు వేలు కాదనుకుని పదహారు వేలకా? ఏమైంది నీకు?"

"ఇరవై నాలుగు వేలు అక్కడ దేనికొస్తాయి?" తేజస్వి గొంతు పెంచింది. "హాస్టలుకే తొమ్మిది వేలు. రోజూ బస్సుకీ మెట్రోకీ కలిపి రెండున్నర వేలు. మధ్యాహ్నం భోజనం, టిఫిను ఇంకో మూడు వేలు. విశాఖలో ఒకళ్ళు ఇరవై వేలిస్తామన్నారు, అదీ చూశాను. అక్కడ హాస్టలు కాస్త చవకే, కానీ చివరికి మిగిలేది ఇంచుమించు అంతే. ఏలూరులో అయితే ఇంట్లో ఉంటాను. బస్సుకి ఆరువందలు పోతే మొత్తం మిగిలినట్టే."

"అక్కడ అందరూ బతకట్లేదా? నడుం లోతు నీళ్ళలో నిలబడి నిన్ను చదివించింది ఇంటి పక్క ఆస్పత్రిలో రక్తం గొట్టాలు కడగడానికా?"

"కడగడం కాదు నాన్నా, పరీక్షలు చేయడం."

"ఏదో ఒకటి! నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోను?" అతను సూట్‌కేసును గోడవైపు తోశాడు. ఆ చక్రాలు నిజంగానే బాగా తిరిగాయి. అది వెళ్ళి బీరువాకి గట్టిగా కొట్టుకుని పడిపోయింది. "నిజం చెప్పు. ఇక్కడ ఎవడైనా ఉన్నాడా?"

"ఏవండీ!" అంది బేబీరాణి.

తేజస్వి తండ్రి వైపు చాలాసేపు చూసింది. ఏడవలేదు. లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చి, మంచం మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా డాబా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

దుర్గారాజు దాన్ని ముట్టుకోలేదు. బేబీరాణే తీసింది. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. మడత పెట్టి ఉన్న పేజీ తెరిస్తే స్కేలుతో గీసిన గళ్ళు కనిపించాయి. పైన మూడు ఊళ్ళ పేర్లు. హైదరాబాదు, విశాఖపట్నం, ఏలూరు. వాటి కింద జీతం, హాస్టలు, ప్రయాణం, తిండి. ఆ కింద ఇంటికి పంపగలిగింది ఎంతో రాసి ఉంది. హైదరాబాదు కింద తొమ్మిదిన్నర వేలు, విశాఖ కింద పది, ఏలూరు కింద పదిహేను వేల నాలుగు వందలు.

అన్నిటికన్నా కింద ఇంకో గడి ఉంది. అది చదివి బేబీరాణి మంచం మీద కూలబడింది.

"ఏం రాసింది?" అన్నాడు దుర్గారాజు, ఇంకా కోపంగానే.

"వినండి." ఆమె గొంతు సరిచేసుకుంది. "'నాన్న పని మానేయొచ్చా?' అని రాసింది. హైదరాబాదు కింద కుదరదు. విశాఖ కింద కుదరదు. ఏలూరు కింద… 'వచ్చే నెల నుంచి' అని ఉందండీ."

పదిహేను వేల నాలుగు వందలు. చెరువు మీద దుర్గారాజుకి నెలకొచ్చేది పదిహేను వేలు. పిల్ల ఆ సంఖ్యకి సరిపోయే ఊరిని వెతుక్కుంది.

రెండు నెలల కిందట అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది బేబీరాణే. నడుములో ఎముకల మధ్య గుజ్జు జారిందనీ, బరువులు ఎత్తితే కాళ్ళు పడిపోవచ్చనీ చెప్పారు. పిల్ల పరీక్షల్లో ఉంది, చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. స్కానింగు కాగితాలు బీరువాలో చీరల కింద దాచింది తనే.

దుర్గారాజు మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి కేకేశాడు. "తేజా! కిందికి రా!"

వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నేనేమన్నా మూలపడ్డానా? నేను పని మానడానికి నువ్వు లెక్కలు కట్టడమేంటి?"

"మొన్న ప్యాంటు వేసుకోవడానికి గోడ పట్టుకుని నిలబడ్డావు నాన్నా. అమ్మ వచ్చి పట్టుకుంది. నేను చూడలేదనుకున్నారు ఇద్దరూ." ఆమె బీరువా వైపు చూపించింది. "ఆ కాగితాలు నేను చదివాను. అందులో రాసింది నాకు అర్థం కాదనుకున్నారా?"

"నా నడుము సంగతి నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళి నీ బతుకు చూసుకో!"

"నువ్వు పడిపోతే ఏ ఊళ్ళో కూర్చుని చూసుకోను?"

"ఇద్దరూ ఆపండి!" బేబీరాణి అరిచింది. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

ఆమె పుస్తకం కూతురి ముందు పెట్టింది. "ఇందులో అన్నీ రాశావు. హాస్టలు రాశావు, బస్సు రాశావు, మాకు పంపేది రాశావు. మరి నువ్వెక్కడ?"

"నేనేంటమ్మా?"

"ఒక చీరో డ్రెస్సో కొనుక్కోవా? జ్వరమొస్తే మందులు వద్దా? స్నేహితురాళ్ళతో ఒక సినిమాకెళ్ళవా? మూడు ఊళ్ళకి లెక్క కట్టి, ఏ ఊళ్ళోనూ నీకంటూ పది రూపాయలు రాసుకోలేదే! ఇదెక్కడి లెక్క తల్లీ?" ఆమెకి ఏడుపు ఆగలేదు. "మేము నిన్ను కన్నది ఇందుకా?"

తేజస్వి కాగితం వైపు చూసింది. అన్ని గళ్ళూ మళ్ళీ చూసింది. నిజంగానే ఆమెకి తట్టలేదు.

బేబీరాణి కళ్ళు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "మీరూ వినండి. దాని చదువు కోసం ఈ ఊరొచ్చాం. చదువైపోయింది. ఇంకా ఐదున్నర వేలు అద్దె కట్టి ఇక్కడెందుకున్నాం? చెరువులకి దగ్గర్లో, గుండుగొలనులో ఇలాంటి ఇల్లు రెండున్నర వేలకిస్తారు. మీకు రోజూ ఇంతదూరం పెట్రోలు ఖర్చు ఉండదు. చెరువుల ఆసామి వెంకట్రాజుగారు అక్కడే మేత గోదాములో కూర్చునే పని ఇస్తానన్నారా లేదా?"

"తొమ్మిది వేలకి…" దుర్గారాజు తల దించుకున్నాడు. "వల లాగే దుర్గారాజు గుమస్తాగిరీ చేస్తున్నాడని నవ్వుతారే."

"నవ్వనివ్వండి. అద్దెలో మూడు వేలు, పెట్రోలు డబ్బులు మిగిలితే మనకి ఆ తొమ్మిదితోనే గడుస్తుంది. మీరు మంచాన పడితే ఆ నవ్వేవాళ్ళు వచ్చి ఎత్తుతారా?"

"సరే, వస్తానని వెంకట్రాజుగారికి చెప్తాను," అన్నాడతను. తర్వాత బీరువా పక్కన పడి ఉన్న సూట్‌కేసు దగ్గరికి వెళ్ళి, దాన్ని నిలబెట్టబోయి, వంగలేక ఆగిపోయాడు. తేజస్వి గబుక్కున వచ్చి దాన్ని లేపింది. అతను కూతురి భుజం పట్టుకున్నాడు.

"ఇందాక ఒక మాట అన్నాను. అనకూడదు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో…"

"వదిలెయ్ నాన్నా."

"వదిలెయ్యకు. గుర్తుపెట్టుకుని ఎప్పుడైనా తిట్టు." అతను ఆమె భుజం వదల్లేదు. "ఇప్పుడొకటి అడుగుతాను, డబ్బు సంగతి తీసుకురాకుండా చెప్పు. నీకు ఏ ఉద్యోగం ఇష్టం?"

ఇన్ని రోజులుగా ఆ ప్రశ్న తేజస్విని ఎవరూ అడగలేదు, తను కూడా వేసుకోలేదు. తండ్రి గుండెల మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కుతూ, "హైదరాబాదే నాన్నా… ఇంటర్వ్యూకి వెళ్ళి ఆ ల్యాబు చూసినప్పటి నుంచీ అదే," అంది.

మర్నాడు సోమవారం తొమ్మిది గంటలకి ముగ్గురూ ఫోను చుట్టూ కూర్చున్నారు. దుర్గారాజు పనికి వెళ్ళలేదు. ఉద్యోగం చేజారిపోయి ఉంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎంగేజు వచ్చింది. మూడోసారి ల్యాబు చూసే దేవకుమారిగారు ఎత్తారు. అందరికీ వినపడేలా తేజస్వి స్పీకరు పెట్టింది.

"మీ మెయిల్ ఇప్పుడే చూశానండీ. పైకి పంపబోతున్నాను. ఇంకోసారి ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండీ. నేను వస్తాను. అవకాశం ఇంకా ఉంటే…"

బేబీరాణి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉందండీ. అయినా అంత మంచి మార్కులు పెట్టుకుని ఎందుకు వద్దనుకున్నారు?"

తేజస్వి తల్లి వైపు చూసింది.

"ఖర్చుల లెక్క తప్పు వేసుకున్నానండీ," అంది. "మా అమ్మ సరిచేసింది."