సాలబ్‌మిశ్రీ సీసాలు

ల్యాబ్ నేలంతా గాజుపెంకులు. మధ్యలో జెల్లీ ముద్దలు.

ఇన్‌స్పెక్టర్ అబ్దుల్ సలాం గుమ్మంలోనే ఆగాడు. 1962 మే నెల, సోమవారం. పొద్దున్నే ప్రొద్దుటూరు సెగలు కక్కుతోంది.

"ఎన్ని సీసాలు?"

"పన్నెండు సార్. అన్నీ పోయినాయి," అంది సంతోషమ్మ. మద్రాసులో బోటనీ చదువుకుని వచ్చి, ఈ ల్యాబ్‌ను ఒంటిచేత్తో నడుపుతోందామె.

"వాటిలో ఏముండె?"

"సాలబ్‌మిశ్రీ మొలకలు. నేలలో గడ్డ వేసే ఆర్కిడ్. చిక్కిపోయినోళ్లకు మందు. జమ్మలమడుగు కొండల్లో జనం గడ్డలన్నీ తవ్వుకోని పోయినారు. నాకు ఒక్క కాయ దొరికింది. దాని విత్తనం దుమ్ము మాదిరి ఉంటాది. మొలకకు తిండి కావాలని జెల్లీలో చక్కెర కలిపి, దానిమీద చల్లి మొలిపించినా. ఇప్పుడిప్పుడే శనగగింజంత గడ్డలు పడినాయి."

ఆమె పగిలిన కిటికీ వైపు తిరిగింది. "ఆ మొక్క ఇంక ఏ కొండమీదా లేదు సార్."

ల్యాబ్ యజమాని, మందుల వ్యాపారి పుల్లయ్యశెట్టి అందుకున్నాడు. "ఇది హకీం మున్వర్ పనే సార్. నిన్న సాయంత్రం గడ్డలియ్యమని ఈడికొచ్చి గలాటా చేసిండె. కిటికీ పగలగొట్టి దూరినాడు. గడ్డలు పెరుక్కపోయినాడు."

మున్వర్ దుకాణంలో, ఇంట్లో సోదా చేశారు. ఒక్క గడ్డ దొరకలేదు. కానీ గలాటా నిజం. ఆ రాత్రి ఎక్కడున్నాడో చెప్పడానికి సాక్షి లేడు. సలాం అతణ్ణి లాకప్పులో పెట్టించాడు.

మరునాడు మున్వర్ భార్య దిల్షాద్‌బీ స్టేషన్ మెట్ల మీద కూలబడింది.

"మా ఆయన రక్తం కక్కుతాండాడు సార్! క్షయ. ఊరందరికీ మందిచ్చినాడు, తనకు ఆ గడ్డ యాడా దొరకలా. అందుకే పోయి అడిగినాడు. ఆయన దొంగ కాదు సార్. లోపలే చచ్చిపోతాడు!"

సలాం లోపలికి వెళ్లి చూశాడు. మున్వర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. చేతిలో గుడ్డ ఎర్రగా ఉంది.

సలాం మళ్లీ ల్యాబ్‌కు పోయి, తలుపుకు వేయించిన సీలు తీసి నేలమీద కూర్చున్నాడు. గోడవార నుంచి చీమల బారు. బల్లకాలు ఎక్కి, నిన్నటి టీ గ్లాసులోకి దిగుతోంది. దారిలో జెల్లీ ముద్ద అడ్డమొచ్చిన చోట చుట్టూ తిరిగి పోతోంది.

చాలాసేపు చూశాడు. తర్వాత అందర్నీ అక్కడికే పిలిపించాడు.

మున్వర్‌ను ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకుని నిలబెట్టారు.

"శెట్టిగారూ, ఆ గడ్డల్ని ఏం చేద్దామనుకున్నారు?"

"మద్రాసు కంపెనీకి శాంపిల్ పంపాల. సోమవారం అన్నీ పెరికి ఎండబెట్టమని చెప్పినా."

"సంతోషమ్మ ఏమనింది?"

"కాళ్లు పట్టుకునింది. ఒక్క సీసా అయినా మిగల్చమనింది."

సలాం నేల చూపించాడు. "చీమలు టీ గ్లాసుకు పోతాండాయి. ఈ జెల్లీని ముట్టలేదు. దీంట్లో చక్కెర లేదు. అంటే ఇవి మొలకల సీసాలే కావు. ఎవరో వట్టి జెల్లీ కాచి, వేరే సీసాల్లో పోసి పగలగొట్టినారు. అది హకీంకు చేతనయ్యే పనా?"

మున్వర్ దగ్గుతూ గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆయన్ను వదిలేయండి సార్," అంది సంతోషమ్మ. "నేనే. పులివెందులలో మా అమ్మ ఇంట్లో దాచినా. ఈయన మీదికి వస్తాదనుకోలా. వచ్చినాక నోరు పెగల్లా. మనిషా, మొక్కా అని నిన్నట్నుంచి చస్తాండా."

"చచ్చేది నువ్వు కాదు," అంది దిల్షాద్‌బీ. "మా ఆయన."

సంతోషమ్మ తల దించుకుంది.

శెట్టి తొందరపడ్డాడు. "సీసాలు తెప్పించండి సార్. రేపే పొడి కొట్టిస్తా."

"కుదరదు. అవి కేసు ప్రాపర్టీ. తీర్పు వచ్చేదాకా ఒక్క గడ్డ పెరకకూడదు. ప్రాణమున్న సరుకు కాబట్టి, చావకుండా చూసే మనిషిని పెట్టమని కోర్టుకు రాస్తా."

"తీర్పు ఎప్పటికొస్తాది?"

"వాయిదాలు, అప్పీళ్లు... మూడేండ్లు పట్టొచ్చు."

సంతోషమ్మ తలెత్తింది. "మూడో ఏడు పూస్తాది సార్. కాయ కాస్తాది."

రెండు చేతులూ ముందుకు చాచింది.

సలాం ఆమెకు బేడీలు వేయలేదు. ముందు మున్వర్‌ను జీపెక్కించి ఆసుపత్రికి పంపాడు. దిల్షాద్‌బీ వెనక్కి తిరిగి చూడలేదు. జీపు మలుపు తిరిగాక, సంతోషమ్మ ఎర్రటి ఎండలో కానిస్టేబుల్ వెంట స్టేషన్‌కు నడిచింది.