నల్లగుడ్డ కింద ఖాళీ

శనివారం మధ్యాహ్నం. రాళ్ళగుంటలో టీ మరుగుతోంది. మసిబట్టిన డబ్బాలో నీళ్ళు, అందులో రికారికా అనే ఎడారి ఆకు, పక్కన బట్టలో చుట్టిన రొట్టెలు. ఎర్మీనియా తన కప్పులోంచి ముందు నేలకి కాస్త ఒంపి, తర్వాత తను తాగింది. ఈ ఎడారిలో ఎవరైనా అంతే. ముందు నేల తాగాలి.

"ఈ నేల యాభై ఏళ్ళుగా మన టీ తాగుతోంది," అంది ఎర్మీనియా. "ఒక్కనాడన్నా తిరిగి ఏదైనా ఇచ్చిందా? ఇలాంటి చుట్టాన్ని మా ఇంట్లో అయితే గడప తొక్కనిచ్చేదాన్ని కాదు."

డోన్యా ఒతీలియా నవ్వింది. ఆమె వేలితో వేలిని రుద్దుకుంటూ కూర్చుంది. అది ఆమెకి పాత అలవాటు. ఏప్రాన్ జేబులో ఎప్పుడూ ఒక తెల్లరాయి ఉండేది. ఏ పని చేస్తున్నా బొటనవేలు దాన్ని రుద్దుతూనే ఉండేది. సర్... సర్... మనవరాలు నెలీదా చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేది. రుద్దీ రుద్దీ రాయికి ఒకవైపు గుంట పడింది.

నెలీదా టీ ముట్టలేదు. ఆమె కళ్ళు వ్యాను మీద ఉన్నాయి. వ్యాను పక్కన ఇంజినీరు డాన్ అర్సేనియో వంగి తన యంత్రం అద్దం తుడుస్తున్నాడు. ఇస్త్రీపెట్టెంత యంత్రం. కింద వెలుగు చిమ్మే కన్ను, పైన చిన్న తెర. వెలుగు దేనిమీద పడి ఎలా తిరిగొస్తుందో చూసి అదేమిటో చెబుతుంది. రాయి. గాజు. కర్ర. ఎముక. ఆ నాలుగో మాట కోసమే, తమవాళ్ళని వెతుకుతున్న ఈ ఆడవాళ్ళు అతన్ని ఇక్కడికి రానిచ్చారు.

డోన్యా ఒతీలియా భర్త, నెలీదా తాత ఎలియాసార్ గనిలో పనిచేసేవాడు. యాభై ఏళ్ళ కింద సైనికులు వచ్చి, ఆయన్నీ ఇంకొందరినీ లారీ ఎక్కించి ఈ ఎడారిలోకి తీసుకెళ్ళారు. కాల్చి పూడ్చారు. తర్వాత ఎవరూ కనుక్కోకూడదని యంత్రాలతో మళ్ళీ తవ్వి, ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో వెదజల్లారు. అధికారం మనుషుల్ని చంపి ఊరుకోదు, వాళ్ళు ఉన్నారన్న మాటని కూడా చంపుతుంది. నెలీదా ఈ వాక్యాన్ని ఆంతోఫగస్తా పట్నంలో తన కాలేజీ గోడల మీద తన చేత్తో రాసింది.

ఇక వెతకాల్సి మిగిలింది ఈ గుంట ఒక్కటే. సోమవారం నుంచి గని కంపెనీ లారీలు తమ రాళ్ళచెత్త తెచ్చి ఇక్కడ పోస్తాయి. జడ్జి ఒకే మాట చెప్పాడు. నేలలో ఒక్క ఎముక చూపించండి, ఆపేస్తాను. మూడు వారాలుగా యంత్రం ఒకే పాట పాడుతోంది. రాయి. రాయి. రాయి.

"ఈ బ్యాటరీ ఎక్కడిది, ఇంజినీరు గారూ?" నెలీదా లేచి వెళ్ళి అడిగింది.

"పాతది, కొన్నాను."

"దీనిమీద కంపెనీ బొమ్మ ఉంది."

అతను తల ఎత్తలేదు. "ఈ ఊళ్ళో సగం సామానుమీద ఆ బొమ్మే ఉంటుంది, అమ్మాయీ. గనిలో ఖనిజాన్నీ రాయినీ వేరుచేసే కళ్ళు చేసినవాణ్ణి. అక్కడే ముసలివాణ్ణయ్యాను."

"అంటే వాళ్ళకోసం కళ్ళు తయారుచేసి, ఇప్పుడు మాకు గుడ్డివి అమ్ముతున్నారు."

"నేనేమీ అమ్మట్లేదు."

"విజ్ఞానం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే పనిచేస్తుంది! మేం..."

"మైకు లేదు, గొంతు తగ్గించవే," అని అరిచింది అమ్మమ్మ. "ఆయనకి రొట్టె ఇవ్వు ముందు."

నెలీదా ఇవ్వలేదు. నిన్న వచ్చిన దగ్గర్నుంచి ఒక విషయం ఆమెని ముల్లులా గుచ్చుతోంది. యంత్రం అప్పుడప్పుడు ఏ మాటా చెప్పదు. తెర ఖాళీగా ఉంటుంది. అదేమిటని అడిగితే, నీడ, గొయ్యి, అక్కడేమీ లేదని అర్థం, అంటాడతను. ఏమీ లేకపోవడం ఇన్నిచోట్ల ఎలా ఉంటుంది?

"ఇవాళ నేను వెళ్తాను లోపలికి," అంది.

పగటి వెలుగులో ఆ కన్ను పనిచేయదు. అందుకని రెండు వంపు కడ్డీల మీద దళసరి నల్లగుడ్డ కప్పి, చుట్టూ అంచుల మీద రాళ్ళు పెడతారు. మనిషి బోర్లా పడుకుని పాకేంత చోటు. నెలీదా జేబులో అగ్గిపుల్లలు వేసుకుని, యంత్రం పట్టుకుని దూరింది. వెనక ఎర్మీనియా గుడ్డ దించింది.

బయట మండే ఎండ. లోపల గవ్వచీకటి. ఎండకి కాలిన గుడ్డ వాసన, దుమ్ము వాసన. తన ఊపిరి తన ముఖానికే తగులుతోంది. యంత్రాన్ని ఇసుక మీద జరిపింది. ఊదారంగు వెలుగు ఒక్క క్షణం మెరిసి ఆరింది. రాయి. ఇంకాస్త జరిపింది. రాయి. తర్వాత... ఖాళీ.

అక్కడ ఒక అగ్గిపుల్ల గుచ్చింది.

రాయి. రాయి. ఖాళీ. పుల్ల. ఖాళీ. పుల్ల. చేత్తో తడిమితే గొయ్యి లేదు, నీడ లేదు. మిగతా చోట్ల ఉన్న గులకరాళ్ళే అక్కడా ఉన్నాయి. పుల్లలు అయిపోవచ్చాక అరిచింది, గుడ్డ తియ్యమని.

ఎండలో అందరూ చూశారు.

పుల్లలన్నీ కలిసి ఒక మనిషి ఆకారం గీశాయి. పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్న మనిషి. ఒక చెయ్యి తల కింద. రెండో చెయ్యి ముందుకి.

"దేవుడా," అంది ఎర్మీనియా.

"మీరే పెట్టారు దీన్ని," నెలీదా డాన్ అర్సేనియో వైపు తిరిగింది. "మమ్మల్ని భయపెట్టి పంపేయడానికి."

"నేను వ్యాను దగ్గరే ఉన్నాను కదా," అన్నాడతను మెల్లగా. అతని మొహం పాలిపోయింది. "మళ్ళీ చూడు. అవే చోట్లు. మళ్ళీ ఖాళీ వస్తే..."

"వస్తే?"

అతను వంగి గుడ్డ అంచు అందుకున్నాడు.

మళ్ళీ గుడ్డ కప్పారు. నెలీదా తల దగ్గర గుచ్చిన పుల్ల మీదికి యంత్రాన్ని జరిపింది. రాయి. భుజం దగ్గర పుల్ల. రాయి. నడుము, మోకాలు. రాయి, రాయి. కోపం ముంచుకొచ్చింది. దొంగ యంత్రం. దొంగ మనిషి. చెయ్యి దగ్గరికి వచ్చింది. వేళ్ళున్న చోట రాయి. ఆ వేళ్ళకి అవతల, పుల్ల లేనిచోట... ఖాళీ.

ఇంకా తనవైపుకి, ఖాళీ. ఇంకా ఇవతల... తన మోచేతి పక్కనే... ఖాళీ.

ఆమె కదల్లేదు.

వాసన మారింది. కాలిన గుడ్డ వాసన పోయింది. తడిసిన మట్టి వాసన. వాన అన్నదే తెలియని చోట తడిమట్టి వాసన. తర్వాత చెవి పక్కన చప్పుడు...

సర్... సర్... సర్...

తెలిసిన చప్పుడు. చిన్నప్పటి చప్పుడు. ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ గుడ్డకి అవతల వచ్చి కూర్చుందన్నమాట.

"అమ్మమ్మా," అంది గొంతు తగ్గించి, "ఆ రాయి రుద్దడం కాసేపు ఆపవా? భయమేస్తోంది."

జవాబు దూరం నుంచి వచ్చింది. టీ డబ్బా దగ్గర్నుంచి.

"నా రాయి నా దగ్గరెక్కడుందే పిల్లా? ఇంజినీరు గారికి ఇచ్చా కదా!"

సర్... సర్...

నెలీదా గుడ్డని చించుకున్నట్టు లేపి బయటపడింది. మోచేతులు గీరుకుపోయాయి. చప్పుడు ఆగిపోయింది. ఎండ, గాలి, నిలబడిపోయిన ముగ్గురు మనుషులు.

"ఆ రాయా?" అని అరిచింది. "ఆయనకెందుకిచ్చావు?"

డోన్యా ఒతీలియా తెల్లబోయింది. "నువ్వు కాలేజీలో ఉన్నావప్పుడు. ఆయన రోజూ పొద్దున్నే ఆ యంత్రానికి ఒక తెల్లబిళ్ళ చూపించాలట. దార్లో అది పగిలిపోయిందన్నాడు. తెల్లగా, గట్టిగా, మాసిపోనిది ఏదైనా ఉందా అని అడిగాడు. నా రాయికంటే తెల్లనిది ఏముంది? అరువిచ్చాను."

డాన్ అర్సేనియో జేబులోంచి రాయి తీశాడు. అరచేతిలో పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"డోన్యా ఒతీలియా," అన్నాడు. "ఇది మీకు ఎక్కడ దొరికింది?"

"ఇక్కడే. మొదటిసారి వెతకడానికి వచ్చినప్పుడు. కాళ్ళ దగ్గర మెరుస్తూ కనిపించింది. అందరం అంతే కదా, ఏదీ దొరక్కపోతే ఒక రాయి తీసుకుపోతాం. ఖాళీ చేతుల్తో ఇంటికి పోలేక..."

ఎర్మీనియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె ఇంట్లో కిటికీ గట్టు నిండా రాళ్ళే. ప్రతి వెతుకులాటకీ ఒకటి.

"నా కిటికీ..." అంది. ఆ తర్వాత ఎర్మీనియా ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు.

డాన్ అర్సేనియో వివరించాడు. తక్కెడలో ఖాళీ గిన్నెకి సరితూకంగా పాసంగం కట్టినట్టే, యంత్రానికి ముందు ఒక తెలుపు చూపించాలి. దాన్ని అది లేనట్టు లెక్కేసుకుంటుంది. మిగతావన్నీ దాంతో పోల్చి చెబుతుంది. చూపించినది బిళ్ళ అయితే బిళ్ళ లేనట్టు. ఎముక అయితే...

"ఎముకలన్నీ లేనట్టు," అంది నెలీదా. "మూడు వారాలు! మీకు తెలీదా? ఇంత చదివి, ముట్టుకుని చూస్తే తెలీదా?"

"ఆవిడ రాయి అన్నారు," అన్నాడతను. "ఆవిడ ఇచ్చిందాన్ని అనుమానించాలని తోచలేదు."

అది నిజమో అబద్ధమో నెలీదాకి ఈనాటికీ తెలీదు.

ఎర్మీనియా సంచిలోంచి ఉప్పు తీసింది. డోన్యా ఒతీలియానే దాన్ని రొట్టెల బట్ట మీద పోసి చదును చేసింది. అతన్ని చెయ్యి పెట్టనివ్వలేదు నెలీదా. యంత్రానికి ఉప్పు తెలుపు చూపించి, గుడ్డ కింద మొదట ఆ తెల్లరాయి మీద పెట్టారు.

ఎముక.

డోన్యా ఒతీలియా ఏడవలేదు. రాయిని తీసి రెండు చేతుల మధ్య పెట్టుకుని, చలిలో ఉన్నవాళ్ళ చేతులు వెచ్చబెట్టినట్టు పట్టుకుంది. "అయితే ఇన్నేళ్ళూ నాతోనే ఉన్నావు," అంది.

ఇంకొక్కసారి లోపలికి వెళ్ళాలి. జేబులోంచి తీసిన ఎముక జడ్జికి పనికిరాదు. నేలలోనిది కావాలి. నెలీదా పళ్ళు బిగించి దూరింది. పుల్ల పుల్లకీ పెట్టింది. రాయి. రాయి. మనిషి ఆకారమంతా రాయి. చివరికి తన మోచెయ్యి ఆనించిన చోటు... వెలుగు మెరిసి ఆరింది. ఎముక.

చెంచాతో, కుంచెతో తవ్వారు. చిటికెనవేలంత ముక్క. ఆదివారం కోర్టు మనుషులు వచ్చి గుంట చుట్టూ తాడు కట్టారు. సోమవారం లారీలు రాలేదు.

గెలిచారు. నెలీదా పిడికిలెత్తి నినాదం ఇవ్వాల్సిన సమయం అది. ఇవ్వలేదు. డాన్ అర్సేనియో దగ్గరికి వెళ్ళి ఒకటే అడిగింది. "ఒక్కచోటే ఎముక ఉంటే, మిగతా చోట్ల ఖాళీ ఎందుకొచ్చింది? ఆ పుల్లలన్నీ?"

"నాకు తెలీదు, అమ్మాయీ."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. అబద్ధాలకోరుతో పోట్లాడొచ్చు. వాడి పేరు గోడమీద రాయొచ్చు.

సోమవారమే, గుంట దగ్గర కోర్టు మనిషి కవరు తెరిచి పట్టుకున్నాడు. తెల్లరాయి కూడా సాక్ష్యంగా ఇచ్చేయాలి. డోన్యా ఒతీలియా దాన్ని చివరిసారి బొటనవేలితో రుద్దింది. వేలు ఆగిపోయింది. రాయిని తిప్పింది.

"పిల్లా... దీని రెండోవైపు ఎవరు రుద్దారు?"

నెలీదా అందుకుంది. ఒకవైపు అమ్మమ్మ గుంట, చిన్నది, ఏళ్ళ తరబడి అరిగి అద్దంలా నున్నగా ఉన్నది. రెండోవైపు ఇంకో గుంట. నిన్నటిదాకా లేనిది. డాన్ అర్సేనియో అడక్కుండానే చేతులు చాపాడు. సన్నటి వేళ్ళు, అద్దాలు తుడిచే వేళ్ళు. అతని బొటనవేలు పెడితే అందులో చుట్టూ చోటు మిగిలింది. కోర్టు మనిషిది పెట్టినా మిగిలింది.

గనిలో పనిచేసినవాళ్ళ బొటనవేళ్ళు అంత వెడల్పుంటాయి, అంది డోన్యా ఒతీలియా, ఎవరితోనూ కాదు.

నెలీదా తన వేలు పెట్టి తీసింది. వేలి కొసకి తెల్లటి పొడి అంటుకుంది. మెత్తగా, అప్పుడే రాలినట్టు.